అదే బాబాయి సాక్ష్యం

"లైసెన్సుల సంగతి మీరు చూసుకోండి మేడం. శవాల సంగతి మేం చూసుకుంటాం."

ఇన్‌స్పెక్టరు ఆ మాట కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు. ఎదురుగా నిలబడ్డావిడ కూర్చోమంటారని చూడలేదు. కుర్చీ తనే లాక్కుని కూర్చుంది.

"లైసెన్సు సంగతి ఎవరూ చూడని చోటే శవాలు లేస్తాయండీ. అందుకే వచ్చాను," అంది.

ఆవిడ, మాటకీ వినికిడికీ చికిత్స చేసేవాళ్లకు లైసెన్సులిచ్చే మండలిలో విచారణాధికారి. వెనకాల అందరూ కందిరీగ అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. కుట్టడమే పనైన ఉద్యోగంలో ఆ పేరు తిట్టు కాదు, బిరుదు అనుకునేది.

గొడవ జరిగింది నిన్న మధ్యాహ్నం. పక్షవాతంతో మింగే పట్టు పోయిన ముసలి బస్సు డ్రైవరు, ఈ చికిత్సా కేంద్రంలోనే, పాలల్లో ముంచిన బన్ను ముక్క గొంతుకు అడ్డంపడి చనిపోయాడు. తినిపించింది ఇక్కడ పనిచేసే స్పీచ్ థెరపిస్టు అని సెంటరు యజమాని చెప్పాడు. డ్రైవరు కూతురు గుండెలు బాదుకుంటూ ఫిర్యాదు రాసిచ్చింది. పాతికేళ్లు దాటీ దాటని ఆ థెరపిస్టు ఇప్పుడు వరండాలో మహిళా కానిస్టేబులు పక్కన కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"అసలు నాకో సంగతి అర్థం కాదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మాటలు నేర్పే పిల్లకి తిండి జోలికి వెళ్లే పనేంటి?"

"మాటకీ ముద్దకీ గొంతు దాకా దారి ఒక్కటే కదండీ. పక్షవాతం వచ్చినవాళ్లకి ఏది పెట్టాలి, ఎంత చిక్కగా పెట్టాలి, తల ఎటు వంచి మింగించాలి, ఇదంతా వాళ్ల చదువులో సగం. ఆ డ్రైవరు గారి మంచం మీద కాగితం అంటించి ఉంది, చూశారా? గట్టివి ఏవీ పెట్టొద్దు, పల్చని నీళ్లు పట్టొద్దు అని. రాసింది ఆ అమ్మాయే."

"రాసిన మనిషే మర్చిపోయిందేమో."

"వంట చేసిన మనిషి ఉప్పు వేయడం మర్చిపోవచ్చు. విషం వేయకూడదన్న సంగతి మర్చిపోదు."

ఇన్‌స్పెక్టరు మొహం ముడుచుకుంది. "ఆ టైములో తను పైన పిల్లల గదిలో బొమ్మల కార్డులు సర్దుతున్నానంటోంది. చూసినవాళ్లు ఒక్కరూ లేరు. యజమాని గారు మాత్రం చెవులారా విన్నారు. పెద్దమనిషి, వినికిడి డాక్టరు. ఆయన చెవుల మాట నమ్మకపోతే ఇంకెవరి చెవుల మాట నమ్మమంటారు?"

"సరే, ఆ చెవుల దగ్గరికే వెళ్దాం పదండి."

వినికిడి పరీక్ష గది వార్డు పక్కనే ఉంది. ఒక మూల పెద్ద బీరువాలాంటి బూత్. మందమైన తలుపు, రెండు పొరల అద్దం, అంచుల చుట్టూ రబ్బరు. బయట బల్ల మీద మిషను, దాని వైర్లు బూత్ లోపలికి వెళ్తున్నాయి. గోడ మీద ఫ్రేము కట్టిన లైసెన్సు. మండలి ముద్ర, నంబరు, వినికిడి నిపుణుడి పేరు. బయలుదేరే ముందే కందిరీగ ఆ నంబరు సరిచూసింది. నంబరు నిజమే. పేరు నిజమే. ఏటేటా రెన్యువల్ కూడా జరుగుతోంది. లేనిదల్లా ఫొటో. లైసెన్సు మీద ఫొటో వేయమని మీటింగుల్లో నెత్తీనోరూ బాదుకుంది. పేపరు ఖర్చు పెరుగుతుందన్నారు.

యజమాని నలభై దాటిన మనిషి. తెల్లకోటు ఇస్త్రీ నలగలేదు. నిన్న తన కప్పు కింద ఒక ప్రాణం పోయిందన్న ఛాయ మొహంలో ఎక్కడా లేదు.

"నిన్న ఆ సమయానికి మీరెక్కడున్నారు?"

"ఇదిగో, ఈ బూత్ లోపల. మిషను సరిగా ఉందో లేదో చూసుకుంటున్నా. తలుపు వేసే ఉంది. పక్క వార్డులోంచి దగ్గు వినిపించింది. 'మింగండి తాతగారూ, ఏం కాదు' అని ఆ అమ్మాయి గొంతు వినిపించింది. ఆ తర్వాత చప్పుడు లేదు. నేను పరిగెత్తుకెళ్లేసరికే అయిపోయింది."

"తలుపు వేసి ఉందా?"

"వేసే ఉందండీ. వెయ్యకుండా పరీక్ష ఎలా చేస్తాం?"

"బూత్ బాగుంది. గట్టిదేనా?"

యజమాని ఛాతీ విరుచుకున్నాడు. "ఇలాంటిది చుట్టుపక్కల ఎక్కడా లేదు. లోపల కూర్చుంటే మన గుండె చప్పుడు మనకే వినిపిస్తుంది."

కందిరీగ ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "మీరొకసారి లోపల కూర్చుంటారా? ఎవరి మాటా నమ్మొద్దు. మీ చెవులే నమ్మండి."

"నాకు చెవుడు లేదు."

"లేదనే కూర్చోమంటున్నా."

ఇన్‌స్పెక్టరు గొణుక్కుంటూ లోపలికి వెళ్లాడు. నిన్న తను హెడ్‌ఫోన్లు పెట్టుకునే ఉన్నానని యజమానే చెప్పి, వాటిని ఇన్‌స్పెక్టరు చెవులకు తగిలించాడు. ఎర్రది ఎడమచెవికి, నీలంది కుడిచెవికి. కందిరీగ అది చూసింది.

తలుపు మూసుకుంది. ఆవిడ వార్డులోకి వెళ్లి డ్రైవరు మంచం పక్కన నిలబడి గట్టిగా దగ్గింది. ఇనప స్టూలు నేలకేసి కొట్టింది. చివరికి ఇన్‌స్పెక్టరును ఆయన ఉద్యోగం పేరు పెట్టి పిలిచి, గాడిద అని కూడా అరిచింది. వరండాలో కానిస్టేబులు గతుక్కుమంది.

తలుపు తీశాక ఇన్‌స్పెక్టరు హెడ్‌ఫోన్లు తీసి, కాసేపు చెవులు రుద్దుకున్నాడు.

"ఏమైనా వినిపించిందా?"

"లేదు." ఆ ఒక్క మాటా నోట్లోంచి బరువుగా వచ్చింది. "మీరేం అన్నారు?"

"పెద్దగా ఏం లేదులెండి. మరి ఈయనకెలా వినిపించింది?"

యజమాని పెదవులు తడుపుకున్నాడు. "తలుపు ఓరగా ఉందేమో. కంగారులో సరిగా గుర్తులేదు."

"తలుపు ఓరగా పెట్టి వినికిడి పరీక్షలు చేస్తారా? అయితే ఇక్కడ మీరిచ్చిన ప్రతి సర్టిఫికెట్టూ చెత్తబుట్టలోకే. తలుపు వేసే ఉంటే మీ సాక్ష్యం చెత్తబుట్టలోకి. రెండిట్లో ఏది పడేయమంటారో మీరే చెప్పండి."

"మేడం, భయంలో మనిషి ఒక తలుపు సంగతి మర్చిపోతాడు," అని అడ్డొచ్చాడు ఇన్‌స్పెక్టరు. పొద్దున ఉన్న బిగువు మాత్రం ఆ గొంతులో లేదు. "చూసినవాళ్లెవరైనా ఉంటే తీసుకురండి. తలుపులతో, రబ్బర్లతో కేసు నడవదు."

"చూసినవాళ్లున్నారు. మీరు అడగలేదు."

"ఎవరు?"

"నిన్న ఆ వార్డులోనే ఉన్నాయన. ఆయాలు చెప్పారు, అదే బాబాయి."

ఇన్‌స్పెక్టరు పకపకా నవ్వాడు. "ఆ మూగాయనా? అడగలేదని ఎవరన్నారు? పేరేంటన్నా. అదే అన్నాడు. ఏం చూశావన్నా. అదే అన్నాడు. నేనెవర్నన్నా. దానికీ అదే అన్నాడు. ఆయన్ని బోనెక్కిస్తే జడ్జి గారు నన్ను బోనెక్కిస్తారు."

వార్డులో కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉండే పెద్దాయన పేరు ఎవరికీ తెలియదు. దిక్కులేని మనిషిని దయతలచి ఉంచుకున్నామని యజమాని అందరికీ చెప్పాడు. పక్షవాతం ఆయన కుడిచేతినీ, కుడికాలునీ, మాటనూ కలిపి పట్టుకుపోయింది. మిగిల్చింది ఒక్క మాట, 'అదే'. ఆకలేసినా అదే, కోపమొచ్చినా అదే, నవ్వొచ్చినా అదే. అందుకే ఆయాలు ఆయన్ని అదే బాబాయి అనేవాళ్లు.

"ఆయనకి మాట పోయింది. మతి పోలేదు," అంది కందిరీగ. "అడగడం మీకు చేతకాలేదు."

"సరే, అడగండి. ఆ అమ్మాయి మాత్రం పక్కన ఉండటానికి వీల్లేదు. ముద్దాయే దుబాసీ అయితే ఇంక పోలీసులెందుకు?"

"ఇది న్యాయమైన మాట. తను బయటే ఉంటుంది. నిజమో అబద్ధమో తేలే ప్రశ్నలు ముందు మీరే అడగండి. చిన్న ప్రశ్న. ఒకసారికి ఒకటే. అడిగాక ఆగండి. అవునంటే బొటనవేలు పైకి, కాదంటే కిందికి."

ఇన్‌స్పెక్టరు కుర్చీ ముందు వంగాడు. "బాబాయ్, నేను డాక్టర్నా?"

ఎడమచేతి బొటనవేలు కిందికి తిరిగింది.

"నేను పోలీసునా?"

వేలు పైకి.

"ఈ మేడం నా భార్యా?"

ముసలాయన వేలు కిందికి దించి, సానుభూతిగా ఇన్‌స్పెక్టరు భుజం తట్టాడు. "అదే..." అన్నాడు, బతికిపోయావు అన్నట్టు. వరండాలో కానిస్టేబులు నవ్వాపుకోలేకపోయింది. ఇన్‌స్పెక్టరు ఒక్కడే నవ్వలేదు. అదే మాట అంతకుముందు వందసార్లు విన్నాడు. అందులో ఒక మనిషి ఉన్నాడని ఇప్పుడే వినపడింది.

"డ్రైవరుకి బన్ను పెట్టింది బయట కూర్చున్న అమ్మాయేనా?" ఈసారి ఆయన గొంతు తగ్గింది.

వేలు కిందికి. గట్టిగా, రెండుసార్లు.

"మరి..." ఇన్‌స్పెక్టరు అడిగేలోపే ఆ చేయి లేచి, గుమ్మంలో నిలబడ్డ తెల్లకోటు వైపు చాచుకుంది. తర్వాత అరచేతిని మొహానికి ఎదురుగా నిలబెట్టి, ఒక కన్ను మూసి చూశాడు. నోరు తెరిచి మింగుతున్నట్టు నటించాడు. మళ్లీ అరచెయ్యి చూపించాడు.

"ఫోనా?" అంది కందిరీగ. "ఫోన్లో వీడియో తీశాడా? తినిపిస్తూ?"

వేలు పైకి లేచి అలాగే ఉండిపోయింది.

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. సెంటరు గుమ్మం పక్కన కట్టిన బోర్డు మనసులో మెదిలింది. కొత్త మిషను, వారంలో మాట, వారంలో ముద్ద. ఆ మాటలకో బొమ్మ కావాలి. మింగలేని మనిషి నవ్వుతూ బన్ను తింటున్న బొమ్మ. దాని కోసం మంచం మీద కాగితం కళ్లెదుటే ఉన్నా ఈ మనిషి ఆ డ్రైవరు నోట్లో బన్ను కుక్కాడు. నాన్న కోలుకుంటాడని కూతురు ఇక్కడ వదిలి వెళ్లింది. ఆ నాన్న ప్రాణం ఒక ప్రకటనకి సరిపోయింది.

"మీ ఫోన్ ఇవ్వండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నిన్నే ఎక్కడో పోయిందండీ." యజమాని చిరునవ్వు చెదరలేదు. "ఇన్‌స్పెక్టరు గారూ, మెదడు దెబ్బతిన్న మనిషి వేలు పైకెత్తితే నన్ను పట్టుకెళ్తారా? నవ్విపోతారు జనం. నేను ఈ విద్యలో ఇరవై ఏళ్ల నుంచి..."

"అదే!"

అరుపుకి అందరూ ఉలిక్కిపడ్డారు. అదే బాబాయి మెడనరాలు ఉబ్బాయి. ఎడమకాలితో నేలని తన్నుకుంటూ కుర్చీని పరీక్ష గది వైపు లాక్కుంటున్నాడు. యజమాని అడ్డం నిలబడ్డాడు. "పేషెంటు ఉద్రేకపడుతున్నాడు. సూది వెయ్యాలి, తప్పుకోండి."

"తప్పుకోవాల్సింది మీరు," అంటూ కందిరీగ కుర్చీ వెనక చెయ్యి వేసి ముందుకు తోసింది.

బల్ల దగ్గర ఆగగానే ముసలాయన శాంతించాడు. ఆ శాంతి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, అది చాలాకాలం తర్వాత సొంతింటి గడప తొక్కిన మనిషి శాంతి. తెరిచి ఉన్న బూత్‌లోంచి ఎడమచేత్తో హెడ్‌ఫోన్లు అందుకుని ముందు తన చెవులకే పెట్టుకున్నాడు. ఎర్రది కుడికి, నీలంది ఎడమకి. మిషను వెలిగించి, మీట తిప్పి, ఒక చెవి విన్నాడు. తర్వాత రెండోది. వైరు మొదట్లో పట్టుకుని మెల్లగా కదిపి, ఎక్కడైనా గరగర వస్తోందేమోనని తల వంచాడు. వేళ్లకి వెతుకులాట లేదు. ఏళ్లుగా తాళం వేసి ఉంచినా తుప్పు పట్టని పనితనం అది.

అప్పుడు ఇన్‌స్పెక్టరు చేయి పట్టి బూత్ స్టూలు మీద కూర్చోబెట్టాడు. హెడ్‌ఫోన్లు తగిలించి, ఎర్రది కుడిచెవికే ఉందని వేలితో తట్టి చూపించి, యజమాని వైపు ఒక్క చూపు చూశాడు. పంతులు, పలక తలకిందులుగా పట్టుకున్న పిల్లాణ్ణి చూసే చూపు.

"ఎరుపు కుడికి, నీలం ఎడమకి," అంది కందిరీగ నెమ్మదిగా. "ఈ విద్యలో అది ఓనమాల కంటే ముందు నేర్పుతారు. ఇందాక మీరు తిరగేసి పెట్టారు. ఇరవై ఏళ్ల నుంచీ ఉన్నారట ఈ విద్యలో!"

యజమాని చూపు గోడ మీది లైసెన్సు వైపు పోయింది.

ఆవిడ గోడ మీది ఫ్రేము దింపి ముసలాయన ఒళ్లో పెట్టింది. అందులోని పేరు పైకి చదివింది. ఇంటిపేరుతో సహా, నెమ్మదిగా.

ముసలాయన భుజాలు కదిలిపోయాయి. ఎన్నేళ్లయిందో ఆ పేరుతో ఎవరూ పిలిచి.

"బాబాయ్, ఈ పేరు ఎవరిది?"

"అ... అదే." తల అడ్డంగా ఊపాడు. అది కాదు తను చెప్పాలనుకున్నది. తొడ మీద గుద్దుకున్నాడు. "అదే, అదే..."

"మా బావని అలా హింసించకండి!" యజమాని ముందుకు దూకాడు. "ఆయన్ని పసిబిడ్డలా పోషించింది ఎవరనుకున్నారు? మా అక్క పోయాక దిక్కెవరు ఆయనకి? నేను!"

నోరు జారిందని అతనికి ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది.

"బావా?" ఇన్‌స్పెక్టరు బూత్‌లోంచి బయటికొచ్చాడు. "దిక్కులేని మనిషన్నావుగా?"

కందిరీగకి ముడులన్నీ ఒకేసారి విడిపోయాయి. బావ దగ్గర వైర్లు చుట్టిపెట్టిన బావమరిది. బావ పడిపోయాడు. తెలిసినవాళ్లు లేని ఊరికి బూత్‌తో సహా దుకాణం మార్చాడు. పేరు గోడకెక్కింది, పేరుగల మనిషి వార్డుకెక్కాడు. వినికిడి అంటే ఏమిటో తెలియని చేతులు పసిపిల్లల చెవులకి మిషన్లు తగిలిస్తున్నాయి. పరవాలేదు, బాగానే వినిపిస్తోందని సంతకాలు పెడుతున్నాయి.

"బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు," అంది ఆవిడ. "నిజమేరా. మీ బావ బతికుండటం నీకు కావాలి. ఆయన పోతే లైసెన్సూ పోతుంది. బతకాలి. మాట్లాడకూడదు. అంతేగా?"

వరండాలోంచి థెరపిస్టు లోపలికి వచ్చేసింది. కానిస్టేబులు ఆపలేదు.

"సార్, నన్నొక్కమాట చెప్పనివ్వండి. ఈయన కేసు నయం కానిది, ముట్టుకోవద్దన్నాడు వీడు మొదటిరోజే. నేను భోజనాల వేళ దొంగచాటుగా మాటల సాధన చేయిస్తున్నా. పోయిన నెల 'నీళ్లు' అన్నారు సార్. మొన్న వీడు గుమ్మంలో ఉండగానే అన్నారు. వీడి మొహం మాడిపోయింది. నిన్న ఆ తాతగారు పోతే, వీడు ఏడవలేదు. నన్ను వదిలించుకునే దారి దొరికినట్టు నా వైపు చూశాడు."

ఇన్‌స్పెక్టరు ముసలాయన వైపు చూశాడు. తర్వాత ఆ అమ్మాయి వైపు. "అడగమ్మా," అన్నాడు.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని తన ముక్కు మీద వేలు పెట్టుకుంది. 'న' అక్షరం ముక్కులోంచి పలుకుతుందని గుర్తు. ఇన్‌స్పెక్టరూ ముక్కున వేలేసుకునే ఉన్నాడు, కారణం వేరే.

"మాస్టారూ, కంగారు లేదు. న్..."

ముసలాయన ఆమె పెదాల వంక చూశాడు. దవడ కదిలింది. చెమట పట్టింది. "అ..." ఆగాడు. ఆ పాత మాటని బలవంతంగా మింగేశాడు. "న్... నా..."

ఆ అమ్మాయి ముక్కు మీద వేలు అలాగే ఉంచి, తల ఊపింది.

"నా... ది."

ఎడమచెయ్యి ఫ్రేము మీద పడింది. "నాది," అన్నాడు మళ్లీ. ఈసారి అది గర్జనలా వచ్చింది. "నాది!"

ఇన్‌స్పెక్టరు ఇంకేం అడగలేదు. కానిస్టేబులుని పిలిచి సంకెళ్లు తెప్పించాడు. అవి యజమాని చేతులకి పడ్డాయి. థెరపిస్టు ముందు ఆయన టోపీ తీశాడు.

గుమ్మం దాటబోతూ యజమాని వెనక్కి తిరిగాడు.

"చాలా పొడిచేశాననుకోకండి మేడం. రెన్యువల్‌కి మనిషిని కళ్లారా చూడాలి, మీ మండలి రూలే కదా. ప్రతి ఏడాదీ మీ వాళ్లలో ఒకాయన వచ్చాడు. నా మొహం చూశాడు. కుర్చీలో మా బావనీ చూశాడు. ఇద్దర్నీ చూసి సంతకం పెట్టాడు. పేరు చెప్పనా?"

"చెప్పు."

చెప్పాడు.

కందిరీగ గోడ పట్టుకుని నిలబడింది. పదిహేనేళ్ల కిందట తనని ఈ ఉద్యోగంలోకి తీసుకుని, తప్పు ఎక్కడున్నా వదలకమ్మా అని భుజం తట్టిన మనిషి పేరది. మండలి అధ్యక్షుడి పేరు.

"మేడం, నీళ్లు తాగుతారా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ గొంతులో మొదటిసారి గౌరవం ఉంది.

"తర్వాత." ఆవిడ థెరపిస్టు వైపు తిరిగింది. "అమ్మా, మాస్టారిని వదిలి కదలొద్దు. మండలి వాళ్లమని ఎవరొచ్చినా, కార్డు చూపించినా, నేను లేకుండా ఈయన దగ్గరికి రానివ్వకు. ఇంకా మాటలు రావాలి ఈయనకి. అవి రాకూడదనుకునేవాళ్లు ఇంకొకళ్లున్నారు."

మాట పూర్తికాకముందే గేటు చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే, మండలి ముద్ర వేసిన తెల్లకారు ఆవరణలోకి వస్తోంది. తను ఇక్కడికి వస్తున్నట్టు ఆఫీసులో ఒక్క మనిషికే చెప్పింది, ఆ అధ్యక్షుడికి.

కందిరీగ పరీక్ష గది తలుపు దగ్గరగా వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది.